పాండవుల గుట్ట యాత్ర: 300 పోయిన సంజీవని, దారిలో దొరికిన మయూరశిఖి

ములుగు వైపు వెళ్తే రోడ్డు పక్కన "హిమాలయాల సంజీవని" అంటూ అమ్మేవాళ్ల దగ్గర ఆగకండి. మోకాళ్ల నొప్పులు పోతాయని చెప్పి మా అత్తమ్మకు మూడు ఎండు ఉండలు 300కి అంటగట్టారు. నీళ్లలో వేస్తే పచ్చగా విచ్చుకునే మాట నిజమే. హిమాలయం మాత్రం పచ్చి అబద్ధం. అది సెలాజినెల్లా బ్రయాప్టెరిస్, వింధ్య, సాత్పురా కొండల రాళ్ల మీద పెరిగేది. దాని ఒంట్లో తడి దాదాపు అంతా పోయినా ట్రెహలోజ్ లాంటి చక్కెరలు కణాలను కాపాడతాయి. హిమాలయాల వైపు, లడఖ్ లాంటి ఎత్తైన ఎండు నేలల్లో బతికే కొన్ని మొక్కల పద్ధతే వేరు. అవి నేలకు అతుక్కుని దట్టంగా పెరిగి, గాలిని తట్టుకుని, తడినీ వెచ్చదనాన్నీ లోపల దాచుకుంటాయి.

రాత్రి లాడ్జి ఇంకో నరకం. ఏసీ గది 1,800 అని ఫోన్లో చెప్పి, దిగాక రిమోట్‌కు 300 ఎక్స్‌ట్రా అన్నారు. పదింటికి నల్లా బంద్. అడిగితే బకెట్‌కు 40. మా బావ గొడవ పడ్డాడు, ఫలితం లేదు. పిల్లలు స్నానం లేకుండానే పడుకున్నారు.

పొద్దున రామప్ప గుడి దర్శనం బాగా జరిగింది. అసలు యాత్ర పాండవుల గుట్ట మీదే. రెండు రోజుల ముందే తొలకరి పడింది. వాన తగిలిన రాతి పగుళ్లలో మయూరశిఖి పచ్చగా ఉంది. వేలెడంత కాడ మీద బుల్లి తాటాకు విసనకర్రలా ఉంటుంది. అడుగు దూరంలో, చూరులా వంగిన బండ కింద వాన చేరని చోట అదే మొక్క గోధుమరంగులో ముడుచుకుని ఉంది. మా గైడు (తమ్ముడు అనే పిలిచాం) దాని మీద బాటిల్ నీళ్లు పోశాడు. గుహల్లో రాళ్ల మీది పాతకాలపు రంగుబొమ్మలన్నీ చూసి మధ్యాహ్నం దిగేసరికి ఆకులు విప్పుకుంటున్నాయి! ఇది ఫెర్న్. పువ్వూ గింజా ఉండవు, ఫెర్న్‌లలో మామూలుగా మగకణం తడిలో ఈదితేనే కొత్త మొక్క పుడుతుంది. తడి ఉన్నప్పుడే ఎదగాలి కాబట్టి తొలకరి పడగానే దానికి అంత తొందర.

అత్తమ్మ ఒకటి పీకబోయింది. "పీకకమ్మా, ఇంటికాడ బతకది" అన్నాడు తమ్ముడు. ఆమె హన్మకొండ దాకా మాట్లాడలేదు.

మీరూ తొలకరి తర్వాతే వెళ్లండి, మండుటెండలో బండలు కాలిపోతాయి. నీళ్లు మీరే తీసుకెళ్లండి. తమ్ముడు 500 అడిగాడు, మేం 700 ఇచ్చాం.