జాగ్రత్త: 1/700 ర్యూజోకి ఇత్తడి రేడియో మాస్టులు కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

ఓడల మోడళ్లు కట్టే మిత్రులకు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వాళ్లకు. 1942 ఏప్రిల్ 6న మన ఈ రెండు ఊళ్ల మీద బాంబులు వేసిన విమానాలు లేచింది జపాన్ వాళ్ల చిన్న విమాన వాహక నౌక ర్యూజో మీద నుంచే. అందుకే మనలో చాలామందికి ఆ కిట్ మీద మోజు. అది కనిపెట్టే కాబోలు, ఆన్‌లైన్‌లో ఒకాయన "ర్యూజో 1942, 1/700 స్కేల్, ఇత్తడి ఫోటో-ఎచ్ రేడియో మాస్టులు, నిలబెట్టొచ్చు, పడుకోబెట్టొచ్చు" అని అమ్మకానికి పెట్టాడు. అంటే అసలు ఓడలో 700వ వంతు సైజున్న మోడల్‌కి, ఇత్తడి రేకును యాసిడ్‌తో కోసి చేసిన రేడియో స్తంభాలన్నమాట. షిప్పింగ్‌తో కలిపి 1,850 రూపాయలు. తెప్పించాను. వచ్చినవాటిని మాస్టులు అనడానికి నోరు రావడం లేదు.

రేకును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటే మాస్టు అడుగుభాగంలో మాత్రమే వెలుతురు కనిపించింది. పైకి పోయేకొద్దీ మాస్టు సన్నబడాలి, జాలీ కూడా చిన్నదవాలి. ఇక్కడ మాత్రం సగం ఎత్తు దాటాక కన్నాలన్నీ పూడుకుపోయి పట్టీలా ఉంది. పెయింట్ వేస్తే కిట్‌లోని ప్లాస్టిక్ మాస్టుకీ దీనికీ తేడా ఉండదు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే ఫోటో చూసే పట్టేయొచ్చు. ఫోటో-ఎచింగ్‌లో యాసిడ్ లోపలికి తినడంతో పాటు పక్కలకీ తింటుంది. అందుకని రేకు మందం కన్నా చిన్న కన్నం సరిగ్గా తెరుచుకోదు. 1/350 కోసం గీసిన డ్రాయింగ్‌ను సగానికి కుదించి అదే మందం రేకు మీద వేస్తే, అక్కడ 0.2 మిల్లీమీటర్లున్న సందు ఇక్కడ 0.1 అవుతుంది. రేకు 0.15 ఉంటే ఇక చెప్పేదేముంది! 1/700కి మంచి సెట్లు చేసేవాళ్లు పల్చటి రేకు తీసుకుంటారు, జాలీలో కొన్ని అడ్డపట్టీలు కావాలనే తగ్గించి డ్రాయింగ్ కొత్తగా గీస్తారు. ఈయన ఎవరిదో పెద్ద స్కేలు రేకును స్కాన్ చేసి కుదించాడనే నా అనుమానం. ప్రకటనలో పెట్టిన ఫోటో కూడా 1/700 మోడల్‌ది కానే కాదు. అంత వివరంగా 1/700లో ఎవరూ చేయలేరు.

రెండో మోసం దీనికన్నా పెద్దది. "పడుకోబెట్టొచ్చు" అన్నాడు కదా, మాస్టు కింద కీలూ లేదు, దాన్ని పట్టుకునే బ్రాకెట్టూ లేదు. అసలు ఈ మాస్టుల సంగతంతా ఆ కీలులోనే ఉంది. మామూలు యుద్ధనౌకలో ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య పొడవాటి ఏరియల్ తీగలు కడతారు, దూరానికి రేడియో పంపాలంటే అవి ఉండాల్సిందే. విమానాలు దిగే డెక్ మీద స్తంభాలు పాతడం కుదరదు. ర్యూజోకైతే డెక్ పైన ఐలాండ్ (డెక్ పక్కన లేచే కట్టడం) కూడా లేదు, బ్రిడ్జి (ఓడను నడిపే గది) ముందువైపు డెక్ కిందే ఉంటుంది. అందుకే డెక్ అంచున కీలు మీద జాలీ మాస్టులు పెట్టారు. విమానాలు ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు వాటిని బయటికి, సముద్రం వైపు పడుకోబెడతారు. పని అయ్యాక మళ్లీ లేపుతారు.

కాబట్టి విశాఖ దాడికి బి5ఎన్ బాంబర్లు లేస్తున్నట్టు డయోరమా (మోడళ్లతో పేర్చిన దృశ్యం) చేసేవాళ్లకు మాస్టులు పడుకునే ఉండాలి. డెక్ నిండా విమానాలు పెట్టి మాస్టులు నిటారుగా నిలబెట్టిన మోడళ్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అది వేరే విషయం. కీలు లేని సెట్‌తో ఆ డయోరమా చేయలేం.

ఫోటోలు పంపిస్తే ముందు "1/700లో అంతే ఉంటుంది సార్" అన్నాడు. కీలు గురించి అడిగితే "ప్యాకెట్ ఓపెన్ చేశారు, రిటర్న్ లేదు" అన్నాడు. ఓపెన్ చేయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందండీ! ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. అదే మాట రాసి, సైట్ వాళ్ల ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి నమోదు చేయించాను. సైట్ ద్వారా కొన్నాను కాబట్టి ఈ దారైనా ఉంది. ఇదే మనిషి కొందరికి "వాట్సాప్‌లో రండి, తక్కువకి ఇస్తా" అంటున్నాడట. అలా యూపీఐలో నేరుగా పంపితే మధ్యలో అడగడానికి ఎవరూ ఉండరు.

కొనే ముందు రేకును వెలుతురుకు ఎదురుగా, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో అడగండి. మాస్టు కొస దాకా అవతల వెలుతురు కనిపించాలి. పొడవును మీ కిట్‌లోని ప్లాస్టిక్ మాస్టుతో పోల్చుకోండి, 1/350 రేకు అయితే దాదాపు రెట్టింపు ఉంటుంది. ఫోల్డింగ్ సూచనల కాగితం ఫోటో కూడా అడగండి, నా ప్యాకెట్లో అది కూడా లేదు. "ర్యూజో, షోకాకు, ఎంటర్‌ప్రైజ్, ఎసెక్స్ అన్నిటికీ సరిపోతుంది" అని రాసి ఉంటే అక్కడే ఆగిపోండి. ఇవన్నీ విమాన వాహక నౌకలే, కానీ ర్యూజో, షోకాకు జపాన్‌వి, మిగతా రెండూ అమెరికావి. ఎసెక్స్‌కి మొదట్లో కుడివైపు అంచున ఐదు మాస్టులుండేవి, తర్వాత మరమ్మతుల్లో తగ్గించారు. ఒకే దేశపు ఓడల్లోనే ఏడాదికో లెక్క ఉంటే, జపాన్ ఓడకీ అమెరికా ఓడకీ ఒకే మాస్టు ఎలా సరిపోతుంది?

ఈయన రేకు ఇప్పటికే కొనేసినవాళ్లు దాన్ని మడవకండి, కత్తిరించకండి. ప్యాకెట్, బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచి ఉంచి మీరు కూడా ఫిర్యాదు పెట్టండి. నా ర్యూజోకి ప్రస్తుతం కిట్‌లోని లావుపాటి మాస్టులే అతికిస్తున్నాను. కనీసం పొడవైనా సరిగ్గా ఉంది. 1/700లో కీలుతో సహా వచ్చే మంచి సెట్ ఎవరైనా వాడి ఉంటే, వెలుతురుకు పెట్టిన ఫోటోతో చెప్పండి.