రాసిన మాటా, ఊహించిన అర్థమా?

సెర్చ్ ఇంజిన్ రెండు రకాలుగా వెతకగలదు. మనం టైప్ చేసిన మాటనే వెతకడం ఒకటి, మన ఉద్దేశం ఊహించి దగ్గరగా ఉన్నవి చూపడం ఇంకొకటి. ప్రశ్న అర్థాన్ని పట్టుకునే పద్ధతులైన హమ్మింగ్‌బర్డ్‌ను 2013లో, బర్ట్‌ను 2019లో గూగుల్ తెచ్చాక రెండోదే రాజ్యమేలుతోంది.

ఊహించడం చెడ్డదని అనను. స్పెల్లింగ్ తప్పినా, సరైన పేరు తెలియకపోయినా దారి చూపిస్తుంది. మామూలు ప్రశ్నలకు అదే మేలు.

కానీ "ఎర్రర్ 1053" అని కొడితే? ఒక్కోసారి అంకెను పక్కన పెట్టేసి, "కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి" అనే సలహాల పేజీలు వరుస కడతాయి. అడిగిన మనిషికి కావాల్సిందే ఆ అంకె! అది వదిలేస్తే ప్రశ్నే మారిపోతుంది. ఇలాంటివి చూస్తే ఒళ్లు మండుతుంది.

ఉన్నదున్నట్టు వెతికితే ఫలితాలు తక్కువే, ఒక్కోసారి సున్నా. అయినా "లేదు" అని తెలియడమూ జవాబే కదా. మాట ముందు ప్లస్ (+) గుర్తు పెడితే ఆ మాటనే వెతికే సదుపాయాన్ని 2011లో గూగుల్ తీసేసింది. ఇప్పుడు మాట చుట్టూ పెట్టే కొటేషన్ గుర్తులు, టూల్స్ మెనూలో టైప్ చేసిన మాటల్నే వెతికే వెర్బేటిమ్ మిగిలాయి. మోడల్ నంబరు, చట్టం సెక్షన్, ఎర్రర్ కోడ్ వెతికేవాళ్లకు నేను చెప్పేది అవే. అసలు ఆ వెర్బేటిమ్ బటన్ మెనూలో దాచకుండా సెర్చ్ బాక్స్ పక్కనే పెట్టాలి.