కార్డు చూడనిదే నక్షత్రం అమ్మని దుకాణం

వరంగల్ చౌరస్తాకు దగ్గరలో యూనిఫాంలు కుట్టే పాత దుకాణం ఒకటి ఉంది. ఏఎస్సైగా పనిచేస్తూ ఎస్సైగా పదోన్నతి పొందిన మా బావగారికి భుజంపై రెండో నక్షత్రంతో కొత్త దుస్తులు కావలసి రావడంతో, గత నెల ఆయనతోపాటు నేనూ అక్కడికి వెళ్లాను. మామునూరులో బెటాలియన్, పోలీసు శిక్షణ కళాశాల ఉన్నందువల్ల ఇక్కడి దర్జీలకు ఖాకీ కొత్త కాదు. భుజాల దగ్గర ముడత పడకుండా కుట్టడంలో వీరి పనితనం మెచ్చదగినది. చెప్పిన రోజుకంటే రెండు రోజులు ఆలస్యం చేశారన్నదొక్కటే లోపం.

కుట్టుకన్నా యజమాని జాగ్రత్త నాకు ఎక్కువగా నచ్చింది. బావగారిది తెలిసిన ముఖమే అయినా, గుర్తింపు కార్డు, పదోన్నతి ఉత్తర్వు చూసి, వివరాలు పుస్తకంలో రాసుకున్న తర్వాతే అద్దాల పెట్టె తాళం తీసి నక్షత్రాలు, ఎరుపు నీలం రిబ్బను బయటపెట్టారు. మేముండగానే షార్ట్ ఫిల్మ్ కోసమని ఎస్సై డ్రెస్సు అడిగిన ఇద్దరు కుర్రాళ్లను, స్టేషన్ నుంచి కాగితం తెమ్మని మర్యాదగానే తిప్పి పంపారు. బేరం పోయినందుకు ఆయన ముఖంలో విసుగు కనబడలేదు.

ఆ జాగ్రత్త విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు. మూడేళ్ల క్రితం హన్మకొండలో గుడికి వెళ్లి వస్తున్న మా చిన్నమ్మను, ఖాకీ ప్యాంట్లు, ఎర్ర బూట్లు వేసుకున్న ఇద్దరు ఆపి, “ముందట దొంగలు తిరుగుతున్నరు, గొలుసు తీసి కాగితంల పెట్టుకోమ్మా” అని భయపెట్టి, తామే పొట్లం కట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి విప్పితే అందులో కంకర రాళ్లున్నాయి.

అందుకే ఇలాంటి వేషాలకు శిక్ష ఇంకా కఠినం కావాలని గట్టిగా కోరుకుంటున్నాను. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 204వ సెక్షన్, ప్రభుత్వోద్యోగినని నమ్మించి ఆ హోదాలో వ్యవహరించిన వారికి కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు, జరిమానా నిర్దేశించింది. పాత శిక్షాస్మృతి 170వ సెక్షన్‌లోనైతే జరిమానాతోనే బయటపడే వీలుండేది. ఇది మెరుగే. కానీ మోసపు ఉద్దేశంతో యూనిఫాం ధరించడాన్ని శిక్షించే 205వ సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష నేటికీ 3 నెలలే, జరిమానా 5,000 రూపాయల వరకే. అంబులెన్సు సిబ్బందో, అగ్నిమాపక సిబ్బందో వస్తే మనం గుమ్మం దగ్గర ఆపి ప్రశ్నలు వేయం, పక్కకు తప్పుకొని దారి ఇస్తాం; ఆ నమ్మకాన్ని దొంగిలించే వారికి మూడు నెలలు ఏ మాత్రం చాలవు.

ఈ దుకాణానికి వెళ్లేవారు గుర్తింపు కార్డు అసలు ప్రతినే తీసుకెళ్లండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే యజమాని ఒప్పుకోరు.