ఏఏ గ్రూపు: పేరు కాదు, వేళ చూసి ఎంచుకోండి

మందు మానడానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) గ్రూపులు, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుగా నిలిచే గ్రూపులు, పనికొస్తాయా? ఏళ్లుగా ఆ కుర్చీల్లో కూర్చుంటున్న మనిషిగా చెప్తున్నాను, పనికొస్తాయి. అయితే ఏ గ్రూపుకు వెళ్తున్నారన్నదే సగం. చాలామంది పెద్ద గ్రూపు, పేరున్న గ్రూపు అడుగుతారు. నేను మాత్రం వేళ చూడమంటాను. సాయంత్రం ఏడింటికి వైన్ షాపు ముందు బండి ఆపే అలవాటుంటే, అదే ఏడింటికి మొదలయ్యే మీటింగ్ కావాలి, అదీ ఇంటికెళ్లే దారిలో ఉండాలి. ఊరికి అవతల ఆదివారం పొద్దున జరిగే మీటింగ్ ఎంత బాగున్నా శుక్రవారం రాత్రి అక్కరకు రాదు.

దానికంటే ముందు ఒళ్లు సంగతి. రోజూ బాగా తాగేవాళ్లు డాక్టర్‌కు చూపించుకోకుండా ఒక్కసారిగా ఆపేయకూడదు. ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పడం, లేనివి కనబడటం మొదలైతే ప్రాణం మీదికొచ్చినట్టే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలున్నాయి. మిగతాచోట్ల ప్రభుత్వ పెద్దాసుపత్రి సైకియాట్రీ విభాగానికి వెళ్లాలి. ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకుని సరిపెట్టుకోవద్దు. ఏళ్ల తరబడి తాగిన ఒంట్లో విటమిన్ బి1 అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. తెలంగాణలో కల్తీ కల్లు తాగేవాళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. అందులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు ఒక్కసారిగా ఆగితే ఒళ్లు తట్టుకోలేదు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డకు జనం అంతలా వచ్చింది అందుకే.

ఇక గ్రూపు వెతకడం. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్లవారీగా మీటింగులు, హెల్ప్‌లైన్ నంబర్లు ఉంటాయి. ఆ జాబితాను నమ్ముకుని నేరుగా వెళ్లకండి. చాలా గ్రూపులు చర్చి హాల్లోనో బడి గదిలోనో నడుస్తాయి. పరీక్షలప్పుడు, పండగలప్పుడు గది దొరక్క మీటింగ్ మారుతుంది, జాబితా మాత్రం మారదు. ధైర్యం కూడగట్టుకుని వెళ్లినవాడికి తాళం కనిపిస్తే మళ్లీ రాడు. అందుకే ముందు ఫోన్ చేసి ఈ వారం మీటింగ్ ఉందా, తెలుగులో మాట్లాడతారా, అది ఓపెన్ మీటింగా క్లోజ్డా అని అడగండి. ఓపెన్‌కు ఇంటివాళ్లూ రావచ్చు, క్లోజ్డ్ తాగుడు మానాలనుకునేవాళ్లకే. చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉన్నాయి. మీ ఊళ్లో గ్రూపే లేకపోతే ఆన్‌లైన్ మీటింగులతో మొదలుపెట్టండి, నెలకోసారైనా దగ్గరి పట్నంలో మనుషుల మధ్య కూర్చోండి.

మీటింగ్ గంట, గంటన్నర సాగుతుంది. ఇంటిపేరు అడగరు. మాట్లాడాలని లేకపోతే "వింటాను" అంటే చాలు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురారు, సలహా ఇవ్వరు. ఫీజు లేదు. చివర్లో చందా తిప్పుతారు, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. చేర్చుకోవడానికి వేలల్లో డబ్బడిగితే అది ఏఏ కాదు.

అసలు సరుకు మీటింగ్ అయ్యాక టీ దగ్గర దొరుకుతుంది. కనీసం ముగ్గురి నంబర్లు తీసుకోండి. మర్నాడే, ఏ ఇబ్బందీ లేనప్పుడే, ఒకరికి ఊరికే ఫోన్ చేయండి. మొదటి ఫోన్ కాల్ తాగాలనిపించిన రాత్రే చేయాల్సి వస్తే చెయ్యి రాదు. నంబర్లు రాసుకుని కూడా మళ్లీ తాగినవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

లోపాలూ ఉన్నాయి. కొన్ని గ్రూపుల్లో పాతవాళ్లు ఒకరిద్దరే అరగంట తినేస్తారు. దేవుడి మాట ఎక్కువగా వినిపిస్తుంది, నమ్మకం లేనివాళ్లకు అది అడ్డే. ఆడవాళ్లు చాలా తక్కువ. అందుకే వెళ్లేముందే మహిళా సభ్యురాలితో మాట్లాడించమని అడగండి, స్పాన్సర్‌గానూ (కొత్తవాళ్లకు దారి చూపే పాత సభ్యులు) ఆడమనిషినే ఎంచుకోండి. నేను అస్సలు ఒప్పుకోనిది ఒకటుంది: డాక్టర్ రాసిన మందులు మానేయమని చెప్పే సభ్యులు. ఏఏ సాహిత్యమే ఆ పని చేయొద్దంటుంది. అలాంటి మాట గ్రూపంతా మామూలుగా తీసుకుంటుంటే ఆ గ్రూపు మార్చేయండి. మిగతా లోపాలకైతే ఐదారు మీటింగులు చూసి తేల్చుకోండి.

వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020 సమీక్ష 27 అధ్యయనాలు పరిశీలించి, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఏఏ పద్ధతి ఇతర కౌన్సెలింగులకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని తేల్చింది. అవి ఎక్కువగా అమెరికా అధ్యయనాలు. ఇక్కడ నేను చూసిందీ దానికి దగ్గరగానే ఉంది, క్రమం తప్పకుండా వచ్చేవాళ్ల విషయంలో.

మళ్లీ తాగితే గ్రూపు వెళ్లగొట్టదు, మానిన రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటారు, అంతే.

ఇంటివాళ్లకు అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి, తాగే మనిషి మానకపోయినా వెళ్లవచ్చు. "తెలియకుండా కూరలో కలపండి" అంటూ అమ్మే పొడులు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. వాటిలో తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అనే మందు ఉండి, ఆ సంగతి తెలియక మనిషి తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఆ మందు డాక్టర్ రాస్తేనే, వేసుకునే మనిషికి తెలిసే వాడాలి.