ప్రైమ్ వాలీబాల్ నాలుగో సీజన్: బేస్‌లైన్ వెనక సీటే నయం

ప్రైమ్ వాలీబాల్ లీగ్ నాలుగో సీజన్ మొత్తం మన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే జరిగింది. 2025 అక్టోబర్ 2న మొదలై 26న ఫైనల్‌తో ముగిసింది. మొత్తం పది జట్లు. వీలున్న సాయంత్రమల్లా వెళ్లి చూశాను. వెళ్లాలా వద్దా అని అడిగేవాళ్లకు నా మాట ఒక్కటే: వెళ్లండి, కానీ సీటు చూసుకుని తీసుకోండి.

చాలామంది నెట్‌కి ఎదురుగా, కోర్టు పక్కన కూర్చోవాలనుకుంటారు. స్మాష్ బాగానే కనిపిస్తుంది గానీ, ఆ స్మాష్ ఎలా పుట్టిందో కనిపించదు. బేస్‌లైన్ వెనక, అంటే కోర్టు చివరి గీత వెనక, కాస్త ఎత్తులో కూర్చోండి. నేను నల్గొండ వైపు దసరా, సంక్రాంతి టోర్నమెంట్లలో లిఫ్టర్‌గా, అంటే స్మాష్ కొట్టేవాడికి బంతి ఎత్తిచ్చేవాడిగా, ఆడినవాణ్ణి. కొట్టేవాడికంటే ఎత్తిచ్చేవాడి మీదే నా కళ్లు ఉంటాయి. వెనక నుంచి చూస్తే నెట్ దగ్గర ఎగిరి స్మాష్‌ని ఆపే అవతలి బ్లాకర్లు ఎటు జరుగుతున్నారో, మధ్యలో ఎంత సందు పడిందో మొత్తం తెలిసిపోతుంది.

ఈ సీజన్‌లో నా కళ్లన్నీ బెంగళూరు టార్పెడోస్ కెప్టెన్ మ్యాట్ వెస్ట్ మీదే. అమెరికా సెట్టర్ (మనం లిఫ్టర్ అనేది ఇతన్నే). బంతి చేతికి వచ్చే ఆఖరి క్షణం దాకా ఎటు ఇస్తాడో నడుము చెప్పదు, భుజాలు చెప్పవు. మిడిల్‌లో అతని జట్టువాడు షార్ట్ బాల్‌కి (నెట్ దగ్గరే తక్కువ ఎత్తులో ఇచ్చే బంతికి) ఎగిరేసరికి అవతలి మిడిల్ బ్లాకర్ కూడా ఎగురుతాడు. అప్పటికే బంతి నెట్ చివరి వైపుకి వెళ్లిపోయి ఉంటుంది. అక్కడ ఒక్క బ్లాకరే మిగులుతాడు. ఆ పాయింట్‌కి చప్పట్లన్నీ కొట్టినవాడికే పడతాయి. అసలు పాయింట్ గెలిచింది మాత్రం ఎత్తిచ్చినవాడు. ఫైనల్లో ముంబై మీటియర్స్‌ని బెంగళూరు 3-0తో ఓడించి మొదటిసారి కప్పు కొట్టిందంటే అందులో ఆ చేతుల పని చాలా ఉంది.

మన హైదరాబాద్ బ్లాక్ హాక్స్ మొదటి రోజే డిఫెండింగ్ చాంపియన్ కాలికట్ హీరోస్‌ని వరుస సెట్లలో ఓడించి ఆశ పెట్టారు. ఆ ఊపు నిలవలేదు, సెమీస్ దాకా రాలేదు. బాధగానే ఉంది. కొత్తగా చేరిన గోవా గార్డియన్స్ మాత్రం తొలి సీజన్‌లోనే సెమీస్ ఆడింది.

ఇక నాకు నచ్చని సంగతి. సెట్ 15 పాయింట్లకే అయిపోతుంది. అంతర్జాతీయ ఆటలో 25. టీవీకి, కొత్తవాళ్లకి చిన్న సెట్ బావుంటుంది, కాదనను. కానీ అవతలి ఒక్కడి సర్వీస్‌లోనే వరుసగా నాలుగు పాయింట్లు పోతే తేరుకునే టైమే ఉండదు. అవతలి బ్లాక్‌ని లిఫ్టర్ చదివి, వాళ్లకి ఒక అలవాటు చేసి, ఆ అలవాటునే ఎరగా వాడుకోవడానికి పాయింట్లు కావాలి. ఇక్కడ ఆ పని సగంలో ఉండగానే సెట్ ముగుస్తుంది.

సూపర్ పాయింట్ మాత్రం భలే నచ్చింది. జట్టు అడిగిందంటే ఆ ర్యాలీకి రెండు పాయింట్లు. 10-12తో వెనకబడ్డ జట్టు అడిగి గెలిస్తే సమం, ఓడితే 10-14. ఆ సర్వీస్ వేసే కుర్రాడి టెన్షన్ పై వరుసలోనూ తెలుస్తుంది. స్టేడియం అంతా లేచి నిలబడేది అప్పుడే.

పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. ముఖ్యంగా స్కూల్ టీమ్‌లో ఆడేవాళ్లని. బంతిని వదిలేసి ఒక్క సెట్ లిబెరోని (వేరే రంగు జెర్సీలో వెనక వరుసలో డిఫెన్స్ మాత్రమే ఆడేవాణ్ణి) మాత్రమే చూడమనండి: సర్వీస్ పడకముందే కాళ్లు ఎలా సర్దుకుంటున్నాడో గమనించమనండి. నాలుగు సీజన్లైనా అమ్మాయిల లీగ్ ఇంకా మొదలుకాలేదు. మన జిల్లాల్లో ఆడే ఆడపిల్లలు తక్కువేం లేరు, నిర్వాహకులు వెంటనే చేయాల్సిన పని అదే.