విశాఖలో ఓడ ఎక్కే రోజు: ముందురోజే చేరాలా, ఆ ఉదయమే దిగాలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు కుటుంబాలు విహార నౌకలో సెలవులు గడపాలని అనుకున్నప్పుడు చర్చ అంతా టికెట్ ధర చుట్టూ, ఓడలోని ఈతకొలను చుట్టూ తిరుగుతుంది. మొదటి రోజు ఎలా గడుస్తుందో ఆలోచించేవారు తక్కువ. ఓడ సాధారణంగా సాయంత్రం కదులుతుంది, కాని ప్రయాణికులను ఎక్కించుకోవడం అంతకు చాలా ముందే ముగిస్తారు. రైలు ఆలస్యమైందని చెబితే ఓడ ఆగదు, కట్టిన డబ్బు కూడా సాధారణంగా తిరిగి రాదు.

ముందుగా రేవు సంగతి. ముంబయిలో ఎక్కాలంటే మన వాళ్లకు కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రులు గడుస్తాయి. చెన్నైకి కోరమండల్‌లో వెళితే సాయంత్రానికి దిగుతారు కనుక ఆ రాత్రి అక్కడ ఉండక తప్పదు. పైగా జూన్ నుంచి నైరుతి రుతుపవనాల వల్ల అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. విహార నౌక విశాఖ వైపు వచ్చింది కూడా ఆ కాలంలోనే, 2022 జూన్‌లో. 2023 సెప్టెంబరు 4న అక్కడ ప్రత్యేకంగా క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమయింది. ఓడ అక్కడి నుంచి ఏడాది పొడవునా నడవదు, కాని నడిచే వారాల్లో గంజాం, గజపతి, రాయగడ జిల్లాల వారు వేరే రేవు గురించి ఆలోచించనవసరం లేదని నా అభిప్రాయం.

అసలు తేల్చుకోవలసింది విశాఖకు ఎప్పుడు, ఎలా చేరాలన్నది. బరంపురం నుంచి దూరం సుమారు 270 కిలోమీటర్లే కావడంతో చాలామంది రాత్రి రైలునే ఎంచుకుంటారు. లాడ్జి ఖర్చు మిగులుతుందని, నిద్రలోనే దారి గడిచిపోతుందని వారి లెక్క. కాని అర్ధరాత్రి ప్రాంతంలో బరంపురంలో ఎక్కి, తెల్లవారకముందే విశాఖలో దిగే కుటుంబానికి నిద్ర పట్టేది ఎంతసేపు? ఆ తరువాత మధ్యాహ్నం వరకు వెయిటింగ్ హాల్లో సామాన్లకు కాపలా కాస్తూ కూర్చోవాలి. పిల్లలు ఓడ ఎక్కేసరికే చిరాకు పడుతుంటారు, పెద్దవాళ్ల కాళ్లు వాచి ఉంటాయి. ఈతకొలను చూడవలసిన సాయంత్రం అందరూ గదిలో నిద్రపోతారు.

రెండో దారి సొంత కారు. జాతీయ రహదారి 16 మీద తెల్లవారుజామున బయలుదేరితే భోజనం వేళకు ముందే విశాఖ చేరవచ్చు, ఇచ్ఛాపురం దాటాక ఎక్కడైనా ఆగి టిఫిను తినవచ్చు, సామాను మోసే బాధ ఉండదు. పర్లాకిమిడి వారికి ఇది మరింత సులువుగా కనిపిస్తుంది. అయితే విశాఖలో బయలుదేరిన ప్రయాణాలన్నీ విశాఖలోనే ముగియవు. కొన్ని పుదుచ్చేరి మీదుగా చెన్నై చేరి అక్కడితో ఆగిపోతాయి. అటువంటి టికెట్ కొన్నవారు కారును విశాఖలో వదిలి చెన్నై నుంచి రైలులో వచ్చి దాన్ని తీసుకోవాలి. టికెట్ మీద చివరి రేవు పేరు చూడకుండా కారు తీయడం తెలివైన పని కాదు.

మూడో దారి ముందురోజు పగటి రైలులో వెళ్లి, స్టేషన్‌కు దగ్గరలో ఒక రాత్రి బస చేయడం. దీనికి ఖర్చు ఎక్కువ, ఒక రోజు సెలవు కూడా అదనంగా పెట్టాలి. అయినా నేను దీనివైపే మొగ్గుతాను, అందుకు కారణం హాయి ఒక్కటే కాదు. పలాస నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ వరకు మనకున్నది ఒకే ప్రధాన రైలు మార్గం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ దారిలో రైళ్లు ఆగిపోయాయి. అంతటి ఉపద్రవం రాకపోయినా, వానాకాలంలో మూడు నాలుగు గంటల ఆలస్యం ఇక్కడ ఎవరికీ వింత కాదు. ముందురోజు ఆ ఆలస్యం జరిగితే రాత్రి భోజనం కాస్త వెనక్కి జరుగుతుంది, అంతే. ఓడ ఎక్కే రోజున జరిగితే ప్రయాణమే పోతుంది. రాయగడ వారికి విజయనగరం మీదుగా వేరే మార్గం ఉంది కనుక ఈ భయం కొంత తక్కువ.

ప్రయాణికులను విడతలుగా ఎక్కిస్తారు కనుక, రేవుకు మొదటి విడతలో వెళ్లాలా, చివరి విడతలోనా అన్నది తరువాతి మాట. త్వరగా ఎక్కితే మధ్యాహ్న భోజనం ఓడలోనే దొరుకుతుంది, కాని గదులు అప్పటికి సిద్ధమై ఉండకపోవచ్చు. అప్పగించిన సూట్‌కేసులు గదికి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. అందువల్ల మందులు, గుర్తింపు కార్డులు, పిల్లలకు ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరను రైల్లోనే పూర్తి చేయడం మంచిది, వండిన ఆహారాన్ని ఓడలోకి సాధారణంగా రానివ్వరు. గోపాలపూర్‌లో సరైన రేవు లేని కాలంలో రంగూన్ వెళ్లే మన వాళ్లు పడవల్లో అలలు దాటి, దూరంగా నిలిచిన స్టీమరు ఎక్కేవారు. ఆ తరంతో పోలిస్తే మన వరుసలో నిలబడే కష్టం కష్టమే కాదు. వయసు పైబడినవారు ఉంటే మాత్రం మధ్య విడత మేలు, రద్దీ తగ్గి ఉంటుంది, గది కూడా సిద్ధమై ఉంటుంది.

ఎక్కిన తరువాత మొదట భోజనశాలకు వెళ్లాలా, మస్టర్ డ్రిల్‌కు (ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే అభ్యాసానికి) వెళ్లాలా అన్న విషయంలో నాకు రెండో ఆలోచన లేదు, ముందు డ్రిల్‌కే. 2012 జనవరి 13న ఇటలీలోని జీల్యో దీవి దగ్గర కోస్టా కాంకార్డియా అనే విహార నౌక మునిగి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన కొన్ని వందల మందికి అప్పటికి డ్రిల్ జరగలేదు, ఎక్కిన 24 గంటల లోపు జరిపితే చాలని అప్పటి నియమం. 2015 జనవరి 1 నుంచి దాన్ని మార్చి, ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో జరపాలని చేశారు. ఏడు చిన్న కూతలు, ఆ తరువాత ఒక పొడవాటి కూత వినిపిస్తే ఎక్కడికి చేరాలో పిల్లలకు కూడా చూపించి, తరువాత బిర్యానీ దగ్గరకు వెళ్లవచ్చు.

మిగిలింది గది. బాల్కనీ గదులు తరచుగా పై అంతస్తుల్లో ఉంటాయి, ఊగడం కూడా పైనే ఎక్కువగా తెలుస్తుంది. కింది అంతస్తులో, ఓడ నడుమ భాగంలో ఉండే గదిలో అది తక్కువ. వానాకాలపు బంగాళాఖాతంలో మొదటి రాత్రి వాంతుల భయం ఉన్న అమ్మమ్మకు ఆ చవక గదే సుఖం, వైద్యుడు చెప్పిన మాత్రను కూడా ఓడ కదలక ముందే వేసుకోవాలి. బాల్కనీ వద్దనుకుంటే మిగిలే సొమ్ముతో విశాఖలో ముందురోజు బస ఖర్చు వెళ్లిపోతుంది.