జంతువుల ఎమర్జెన్సీ ఆసుపత్రిలో రిసెప్షన్: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

జంతువుల ఎమర్జెన్సీ ఆసుపత్రుల మీద జనం రాసే సమీక్షలు వరసగా చదివితే ఒక సంగతి తెలిసిపోతుంది. అయిదు స్టార్లు వస్తే డాక్టరుకి, ఒక్క స్టారు వస్తే రిసెప్షనిస్టుకి. "డాక్టరుగారి చెయ్యి మంచిది. కౌంటర్‌లో ఉన్నావిడకే జాలీ దయా లేవు, మా కుక్క కుంటుతూ వస్తే గంటల తరబడి కూర్చోబెట్టింది." ఇలాంటివి చదివి చదివి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో ఫిట్స్ వచ్చే కుక్క ఉండేది. మూత్రం బిగుసుకుపోయే గండుపిల్లి ఇప్పటికీ ఉంది. ఈ రెండింటి పుణ్యమా అని ఏళ్లుగా ఒకే ఎమర్జెన్సీ ఆసుపత్రికి వేళాపాళా లేకుండా పరిగెడుతున్నాను. ఈలోపు డాక్టర్లు మారారు, మెషీన్లు మారాయి, రిసెప్షన్‌లో మనుషులూ కొందరు మారారు. అక్కడ పని జరిగే పద్ధతి మాత్రం అలాగే ఉంది. నా లెక్కలో ఆ ఆసుపత్రిలో వైద్యం ఫోనెత్తిన మొదటి అర నిమిషంలోనే మొదలైపోతుంది. మొదలుపెట్టేది రిసెప్షనిస్టే.

ఫోన్ చేస్తే ముందు మన పేరు అడగరు. "ఊపిరి సరిగ్గా తీసుకుంటోందా? స్పృహలో ఉందా? రక్తం కారుతోందా?" ఈ మూడూ అయ్యాకే మిగతావి. తర్వాత చిగుళ్ల రంగు అడుగుతారు. మొదటిసారి విన్నప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, ఫోన్‌లో రక్తప్రసరణ గురించి తెలుసుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదు. గులాబీ రంగు ఉంటే కాస్త నయం. తెల్లగా పాలిపోతే రక్తం పోతున్నట్టో, షాక్‌లోకి వెళ్తున్నట్టో అనుకోవాలి. నీలంగా, బూడిదగా మారితే ఆక్సిజన్ అందడం లేదు. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. ఇదంతా వాళ్లు పాఠంలా చెప్పరు. "పై పెదవి కొంచెం ఎత్తండి, ఏ రంగు కనిపిస్తోంది?" అంటారంతే. చేతులు వణుకుతున్న మనిషికి చెయ్యడానికి ఒక చిన్న పని దొరుకుతుంది, వాళ్లకి కావలసిన సమాచారం దొరుకుతుంది. ఆ తర్వాత బరువు ఎంతో అడుగుతారు, ఎందుకంటే లోపల మందుల మోతాదు దాన్ని బట్టే లెక్కకట్టి పెట్టాలి.

మా కుక్కకి ఫిట్స్ వచ్చిన ఒక రాత్రి బాగా గుర్తుంది. "ఎంతసేపటి నుంచి? గడియారం చూశారా?" అని అడిగింది ఫోనెత్తిన రిసెప్షనిస్టు. ఫిట్ 5 నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ మళ్లీ వచ్చినా ఆగడానికి లేదు. "నోట్లో చెయ్యి పెట్టకండి, నాలుక మింగేయదు. చుట్టూ ఉన్న కుర్చీలు జరపండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి కింద పెట్టేయండి." అక్కడి నుంచి ఆవిడ అడిగిన మాట ఒక్కటే, కాసేపటికోసారి: "ఇప్పుడు?" నేను "ఇంకా కొట్టుకుంటోంది" అంటే "సరే" అంటుంది. మళ్లీ "ఇప్పుడు?" ఊరడింపు మాటలేమీ లేవు. నిజం చెప్పాలంటే ఆ వేళ ఊరడిస్తే నాకు ఒళ్లు మండేది. మేం గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి స్ట్రెచర్ బయటే ఉంది, నర్సు చేతిలో సిరంజి సిద్ధంగా ఉంది. అవి వాటంతట అవి అక్కడికి రాలేదు కదా.

ఇంకోసారి కౌంటర్ ముందు నిల్చుని ఉండగా వేరే ఎవరితోనో ఆవిడ మాట్లాడటం విన్నాను. అవతలివాళ్లు పిల్లికి మలబద్ధకం అన్నట్టున్నారు. "మగదా అండీ? ఇసుక తొట్టిలోకి వెళ్లి ముక్కుతోందా? పొద్దుటి నుంచి ఒక్క చుక్కయినా పడిందా?" అటు నుంచి ఏం చెప్పారో గానీ, ఆవిడ గొంతు మారింది. "అది విరేచనం కాకపోవచ్చండీ, మూత్రం ఆగిపోయినట్టుంది. పరీక్ష చేస్తే గానీ డాక్టరు చెప్పలేరు, కానీ రేపటి దాకా ఆగొద్దు. ఇప్పుడే బయల్దేరండి." గండుపిల్లి ఇంట్లో ఉన్నవాడిగా ఆ మాట విలువ నాకు తెలుసు. మగ పిల్లుల్లో మూత్రనాళం బాగా సన్నం. స్ఫటికాలో, చిక్కటి జిగురో అడ్డుపడితే మూత్రం లోపలే నిలిచిపోతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. బయటికి కనిపించేది మాత్రం తొట్టిలో కూర్చుని ముక్కే పిల్లి ఒక్కటే. అడగాల్సిన ప్రశ్న ఆ చివర కూర్చున్న మనిషికి తెలియకపోతే "పొద్దున తీసుకురండి" అనేసి ఫోన్ పెట్టేసేవాళ్లు.

వాళ్లు చెప్పని మాటల గురించీ చెప్పాలి. ఫోన్‌లో మందు పేరు చెప్పరు, మోతాదు చెప్పరు, జబ్బు పేరు ఖాయం చెయ్యరు. చాలామందికి కోపం వచ్చేది ఇక్కడే. "ఒక పారాసిటమాల్ ముక్క వెయ్యొచ్చా, అంతే కదా అడుగుతున్నా" అని అరిచేవాళ్లని చూశాను. పిల్లికి ఆ ఒక్క మాత్రే ప్రాణం తియ్యగలదు. దాని కాలేయానికి ఆ మందుని అరాయించుకునే శక్తి లేదు, రక్తం ఆక్సిజన్ మోయడం మానేస్తుంది. రిసెప్షనిస్టు ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "ఏమీ వెయ్యకండి. ఇప్పటికే వేసుంటే ఏ మందు, ఎంత, ఎన్నింటికి వేశారో చెప్పండి." ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయిద్దామనుకునేవాళ్లనీ అలాగే ఆపుతారు. ఉప్పు ఎక్కువైతే అదే విషం. ఆమ్లాలు, కిరోసిన్ లాంటివి తాగిన జంతువు వాంతి చేసుకుంటే దిగేటప్పుడు కాల్చిన దారినే పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది.

ఏదైనా తినేసిందంటే వాళ్లు మొట్టమొదట అడిగేది దాని కవరు. చాక్లెట్ అయితే డార్క్ రకమా, పాల రకమా, ఎంత పోయింది. చక్కెర లేని చూయింగ్ గమ్ అయితే అందులో జైలిటాల్ (కుక్కలకి విషమయ్యే తీపి పదార్థం) ఉందా. పిల్లి పువ్వు నమిలితే ఏం పువ్వు, లిల్లీ అయితే పుప్పొడి నాకినా మూత్రపిండాలకి ముప్పే. ఎలుకల మందయితే డబ్బా తప్పకుండా పట్టుకురమ్మంటారు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకానికి విటమిన్ కె1 విరుగుడు ఉంది, నరాల మీద పనిచేసే బ్రోమెథాలిన్ రకానికి విరుగుడే లేదు. పైగా మొదటి రకంలో లక్షణాలు బయటపడటానికి రెండు నుంచి అయిదు రోజులు పట్టొచ్చు. "ఇప్పుడు బాగానే ఆడుకుంటోంది కదా, ఎందుకు రావాలి?" అని వాదించేవాళ్లకి విసుక్కోకుండా సర్దిచెప్పి రప్పించడం రోజూ వాళ్ల నెత్తిన పడే పని.

ఇక కూర్చోబెట్టడం గురించి. ఎమర్జెన్సీలో టోకెన్ వరస ఉండదు, ప్రాణం మీదికి వచ్చినవాళ్లు ముందు. ఇది అందరికీ తెలిసిన సంగతే. తన వంతు వచ్చేసరికి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఒక సాయంత్రం హాలు కిటకిటలాడుతోంది. గోరు విరిగిన కుక్కని ఎత్తుకుని ఒకాయన కౌంటర్ మీద చెయ్యి చరుస్తున్నాడు, నేల మీద నాలుగు రక్తపు చుక్కలు పడ్డాయి, అందరి కళ్లూ అటే. మూలన ఒక పెద్దావిడ ఒళ్లో పిల్లి బుట్ట పెట్టుకుని ఎవరినీ ఏమీ అడక్కుండా కూర్చుంది. రిసెప్షనిస్టు ఆయనకి సమాధానం చెబుతూనే రెండుసార్లు ఆ బుట్ట వైపు చూసింది. మూడోసారి లేచి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని బుట్ట తలుపులోంచి తొంగి చూసింది. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. కుక్క రొప్పడం మామూలే, పిల్లి నోటితో ఊపిరి తియ్యడం మాత్రం దాదాపు ఎప్పుడూ ప్రమాదమే. కౌంటర్ కింద నుంచి తువ్వాలు తీసి బుట్ట మీద కప్పి, "అమ్మా, నేను లోపలికి తీసుకెళ్తున్నాను, ముందు ఆక్సిజన్ పెడతారు, మీరు ఇక్కడే ఉండండి" అని చెప్పి కుదుపు లేకుండా పట్టుకెళ్లింది. గోరు ఆయన "మేం ముందొచ్చాం" అన్నాడు. "అవునండీ, మీరే ముందు వచ్చారు" అంది వెనక్కి చూడకుండా. ఆయన ఆ రాత్రి ఎన్ని స్టార్లు ఇచ్చుంటాడో ఊహించుకోవచ్చు.

మంచి రిసెప్షనిస్టుకీ మామూలు మనిషికీ తేడా నాకు తెలిసేది ఆలస్యం గురించి చెప్పే తీరులో. "కొంచెం సేపు కూర్చోండి" అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఇక్కడ ఇలా చెబుతారు: "లోపల ఇద్దరికి సీరియస్‌గా ఉంది. మీకు ఎంతసేపు పడుతుందో నేను చెప్పలేను, గంటలు కూడా పట్టొచ్చు. ఈలోపు ఊపిరిలో తేడా వచ్చినా, పొట్ట ఉబ్బినా, వాంతికి ప్రయత్నించి ఏమీ రాకపోయినా వెంటనే లేచి రండి, ఎవరితో మాట్లాడుతున్నా సరే నన్ను ఆపండి." ఆ చివరి రెండూ ఊరికే చెప్పేవి కావు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతి కుక్కల్లో కడుపు ఉబ్బి మెలి తిరిగితే కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. ఏం చూస్తూ కూర్చోవాలో తెలిస్తే అంతసేపు కూర్చోవడం కూడా కాస్త తేలికవుతుంది.

డబ్బు మాట అందరికీ ఇబ్బందే. ఎస్టిమేట్ కాగితం చేతికిచ్చేది, అడ్వాన్స్ అడిగేది రిసెప్షనిస్టు కాబట్టి తిట్లూ వాళ్లకే. రేట్లు పెట్టేది వాళ్లు కాదు, తగ్గించే అధికారం వాళ్లకి లేదు. వాళ్ల జీతంతో ఆ బిల్లు వాళ్లూ కట్టుకోలేరేమో. నాకు నచ్చింది వాళ్లు అది అడిగే చోటు. హాల్లో అందరి మధ్యా అంకె చెప్పరు. పక్కకి పిలిచి, కాగితం మనవైపు తిప్పి, తక్కువలో ఇంత, ఎక్కువలో ఇంత అని వేలితో చూపిస్తారు. "ఎంతవరకు పెట్టుకోగలరో మొహమాటం లేకుండా చెప్పండి, డాక్టరు దాన్ని బట్టి ఏది ముందో ఆలోచిస్తారు" అంటారు. మాకు ఒకసారి చేతిలో అంత లేదు. అలా అని చెబితే ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు, కాగితం మీద రాసుకుని లోపలికి వెళ్లింది, డాక్టరు రెండో ప్లాన్‌తో వచ్చాడు.

అదే కాగితంలో ఇంకో గడి ఉంటుంది. గుండె ఆగిపోతే సీపీఆర్ చెయ్యాలా, వద్దా. చేర్చిన ప్రతి జంతువుకీ అడుగుతారు, చిన్న జబ్బయినా సరే. మొదట్లో ఈ ప్రశ్నంటే నాకు గిట్టేది కాదు. కానీ ఆ క్షణం వచ్చాక ఫోన్ చేసి అడగడానికి టైముండదు. కుక్కలకీ పిల్లులకీ సీపీఆర్ ఎలా చెయ్యాలో రికవర్ అనే మార్గదర్శకాలు 2012లో వచ్చాయి, 2024లో వాటిని సవరించారు. అయినా గుండె ఆగిన జంతువుల్లో ఇంటికి తిరిగి వెళ్లేవి పదింట ఒకటి కూడా ఉండవు. ఆపరేషన్ మత్తులో ఉండగా ఆగినవాటికి మాత్రం అవకాశం బాగా మెరుగు. లెక్కలు అడిగితే డాక్టరుని పిలుస్తారు. అడగకపోతే, "ఇది అందరినీ అడిగేదే అండీ" అని ఒక్క ముక్క చెప్పి, మనం గడి నింపేదాకా వేరే పని చూసుకుంటున్నట్టు ఉంటారు. ఆ నటన నాకు చాలా ఇష్టం.

మా కుక్క చివరికి ముసలిదై, ఫిట్స్ మందులకి లొంగకుండా పోయినప్పుడు ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వచ్చింది. వస్తున్నామని ఫోన్‌లో చెప్పాం. హాల్లో నిలబెట్టలేదు, పక్క తలుపులోంచి నేరుగా ఒక గదిలోకి తీసుకెళ్లారు. సంతకాలు, బిల్లు, దహనం వాళ్లే చూడాలా మేం తీసుకెళ్తామా అన్నది, అన్నీ ముందే అయిపోయాయి. ఖాళీ పగ్గం చేత్తో పట్టుకుని క్యూలో నిల్చోవాల్సిన అవసరం రాలేదు. ఆ తర్వాత నెలల్లో గమనించింది ఇంకొకటుంది. దాని పేరు మీద టీకా గుర్తుచేసే మెసేజ్ ఒక్కటి కూడా రాలేదు. వేరే క్లినిక్ నుంచి మాత్రం వచ్చింది, "మీ ముద్దుల నేస్తం మా కోసం ఎదురుచూస్తోంది" అని బొమ్మతో సహా. ఎమర్జెన్సీ రిసెప్షన్‌లో ఎవరో ఆ రాత్రే రికార్డు తెరిచి గుర్తు పెట్టారన్నమాట.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రాత్రిపూట ఒక్క మనిషే ఫోనూ, తలుపూ, బిల్లూ చూస్తుంటే ఫోన్ హోల్డ్‌లో పడుతుంది, అవతల ప్రాణం పోతుంటే ఆ పాట వినడం నరకం. డ్యూటీ మారే వేళ చెప్పిందంతా మళ్లీ చెప్పాల్సి వస్తుంది. ఉదయం ఫోన్ చేస్తామన్నవాళ్లు మధ్యాహ్నం చేసిన రోజులున్నాయి. పిల్లులకి వేరే మూల కేటాయించమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాం, ఇంకా కుక్కల మధ్యే కూర్చుంటున్నాం. ఇవన్నీ యాజమాన్యం తేల్చాల్సినవి, కౌంటర్ వెనక ఉన్నవాళ్ల ఖాతాలో వెయ్యను. రాత్రి డ్యూటీకి రెండో మనిషిని పెడితే సగం పోతాయి.

వాళ్ల పని తేలిక కావాలంటే బయల్దేరే ముందే ఫోన్ చెయ్యండి. వాడుతున్న మందుల జాబితా, బరువు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. కుక్కకి పగ్గం, పిల్లికి బుట్ట లేకుండా హాల్లోకి రావద్దు. ఆ తర్వాత సమీక్ష రాసే ఓపిక ఉంటే రిసెప్షన్‌లో ఎవరు ఏం చేశారో రాయండి. పేరు గుర్తులేకపోతే తేదీ, వచ్చిన వేళ రాస్తే చాలు, ఆ డ్యూటీలో ఎవరున్నారో ఆసుపత్రివాళ్లు చూసుకుంటారు. నేను అలా రాసిన ఒక ఉత్తరాన్ని మేనేజరు స్టాఫ్ రూములో అంటించాడని తర్వాత తెలిసింది. పక్కనే రాత్రి డ్యూటీకి మనుషులు కావాలన్న ప్రకటన కూడా ఉందట.